పీవీ దారిలో స్పానిష్: 13 ప్రత్యయాలతో మొదలు

ఫారిన్ లాంగ్వేజ్ నేర్చుకోవాలా వద్దా అన్న చర్చ ఎక్కడ మొదలైనా రెండో నిమిషంలో వచ్చే ప్రశ్న ఒక్కటే, దానికి ఉద్యోగం వస్తుందా అని. తప్పు ప్రశ్నేం కాదు. ఫీజు కట్టేది ఇంట్లోవాళ్లు, పోయేది మన టైమ్. కాకపోతే ఈ ప్రశ్నకు ఆరు నెలల కోర్సును చూసి జవాబు చెప్పలేం. ఒక మనిషి జీవితం మొత్తం చూస్తే చెప్పొచ్చు. ఆ మనిషి మనకు తెలిసినవాడే. పీవీ నరసింహారావు.

ఆయన చనిపోయి 20 ఏళ్లు దాటింది. ఈ పేజీ చదివేవాళ్లలో చాలామంది అప్పటికి పుట్టలేదు, పుట్టినా ఒళ్లో పిల్లలు. మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ పోయే ఎక్స్‌ప్రెస్‌వే పేరుగా, కాంపిటీటివ్ ఎగ్జామ్‌లో 1991 ఆర్థిక సంస్కరణల జవాబుగా ఆయన మనకు పరిచయం. స్పానిష్ నేర్చుకున్న తెలుగువాడిగా మాత్రం పెద్దగా తెలీదు. ఆయనకు 17 భాషలు వచ్చని పత్రికలు రాస్తుంటాయి. మనకు ఆ లెక్క ముఖ్యం కాదు. ఒక్కో భాష ఆయన దగ్గరికి ఎలా వచ్చింది, ఎప్పుడు పనికొచ్చింది అన్నది ముఖ్యం.

వంగర నుంచి పుణే దాకా

పీవీ 1921 జూన్ 28న నర్సంపేట దగ్గర లక్నేపల్లిలో పుట్టారు. చిన్నప్పుడే వంగర గ్రామంలోని పాములపర్తి వారింటికి దత్తత వెళ్లారు. అది నిజాం రాజ్యం. ఇంట్లో తెలుగు, బడిలో ఉర్దూ. తెలుగు పిల్లాడు లెక్కలైనా సైన్సైనా ఉర్దూలోనే చదవాలి. ఇప్పుడు తెలుగు మీడియం నుంచి ఇంజినీరింగ్‌కు వచ్చి మొదటి సెమిస్టర్‌లో ఇంగ్లిష్ లెక్చర్ల ముందు బిక్కమొహం వేసేవాళ్లకు ఆ పరిస్థితి బాగా అర్థమవుతుంది.

1938లో హైదరాబాద్ సంస్థానంలో వందేమాతరం ఉద్యమం వచ్చింది. కాలేజీల్లో ఆ గీతం పాడకూడదన్న ఆంక్షను ఎదిరించిన విద్యార్థుల్లో పీవీ ఒకరు. ఫలితంగా చదువుకు తలుపులు మూసుకుపోయాయి. నిజాం రాజ్యం దాటి నాగ్‌పూర్, పుణే వైపు వెళ్లాల్సి వచ్చింది. పుణే ఫెర్గూసన్ కాలేజీలో సైన్సు డిగ్రీ, నాగ్‌పూర్‌లో లా చేశారు. ఆ ఊళ్లలో మనుషులు మాట్లాడేది మరాఠీ. అలా మరాఠీ ఆయనకు కోర్సుగా కాకుండా, బతకడానికి అవసరమైన భాషగా వచ్చింది.

అక్కడితో ఆగి ఉంటే అది హాస్టల్ మరాఠీగా మిగిలిపోయేది. కూరగాయలు కొనడానికి, బస్సులో దిగే చోటు చెప్పడానికి సరిపోయేది. పీవీ ఆగలేదు. హరి నారాయణ్ ఆప్టే మరాఠీ నవలను అబల జీవితం పేరుతో తెలుగులోకి తెచ్చారు. విశ్వనాథ సత్యనారాయణ వేయిపడగలును సహస్రఫణ్ పేరుతో హిందీలోకి అనువదించారు. హిందీ పుస్తకం 1968లో వచ్చింది. వేయిపడగలు తెలుగువాళ్లకే కొరుకుడుపడని పెద్ద నవల. దాన్ని మరో భాషలోకి తీసుకెళ్లడమంటే రెండు భాషల్లోనూ ప్రతి వాక్యం ఎముకలు తెలిసి ఉండాలి. అప్పటికి ఆయన మంథని ఎమ్మెల్యే, రాష్ట్ర రాజకీయాల్లో తీరిక లేని నాయకుడు. టైమ్ లేదన్న సాకు ఆయన దగ్గర దండిగా ఉంది, వాడుకోలేదంతే.

పదవి పోయింది, చదువు పోలేదు

1971 సెప్టెంబర్‌లో పీవీ ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు. ఆ ఏడాదే సర్వేల్‌లో గురుకుల పాఠశాల మొదలైంది. భూసంస్కరణల మీద గట్టిగా నిలబడ్డారు. భూములున్న పెద్దలకు అది నచ్చలేదు. ముల్కీ నిబంధనలపై సుప్రీంకోర్టు తీర్పు తర్వాత జై ఆంధ్ర ఉద్యమం చెలరేగింది. 1973 జనవరిలో పదవి పోయింది. అప్పటికి ఆయన వయసు 51.

రాజకీయంగా చూస్తే అదొక లేఆఫ్ లాంటిది. ఆ తర్వాత ఢిల్లీ దారి పట్టారు. 1977లో హనుమకొండ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. 1980లో మళ్లీ గెలిచి ఇందిరా గాంధీ ప్రభుత్వంలో విదేశాంగ మంత్రి అయ్యారు. 1983 మార్చిలో ఢిల్లీలో అలీనోద్యమ శిఖరాగ్ర సదస్సు జరిగింది. అంతకుముందు ఆ ఉద్యమానికి అధ్యక్షత వహించిన దేశం క్యూబా. ఫిదేల్ కాస్ట్రో నుంచి ఇందిరా గాంధీకి ఆ బాధ్యత చేతులు మారింది ఇక్కడే. క్యూబా భాష స్పానిష్. మెక్సికో నుంచి అర్జెంటీనా దాకా, అటు స్పెయిన్‌తో కలిపి 20 దేశాల్లో అధికార భాష అదే. విదేశాంగ మంత్రికి అంత పెద్ద ప్రపంచం ఒక్క భాషలో దొరుకుతోంది.

పీవీకి స్పానిష్ బడిలో రాలేదు, ఇంట్లో రాలేదు, పరాయి ఊళ్లో బతకడం కోసమూ రాలేదు. పెద్దయ్యాక ఇష్టపడి నేర్చుకున్న భాష అది. చుట్టూ దుబాసీలు ఉండగా నేర్చుకున్నారు. నేర్చుకోకపోయినా ఎవరూ అడిగేవాళ్లు కాదు.

స్పానిష్ తలుపు ఎక్కడుంది?

స్పానిష్ ఎవరు మొదలుపెట్టినా, పీవీ అయినా మీరైనా, మొదటి మెట్టు ఒకటే. వర్తమాన కాలంలో క్రమ క్రియలు. ఇక్కడ తెలుగు వచ్చినవాడికి ఒక సౌకర్యం ఉంది.

ఇంగ్లిష్ మనల్ని బడిలో ఎందుకు ఇబ్బంది పెట్టింది? అందులో క్రియ చివర దాదాపు ఏమీ మారదు. ఎవరు చేస్తున్నారో చెప్పడానికి ముందు సర్వనామం తప్పనిసరి. తెలుగు అలా కాదు. మాట్లాడతాను అంటే చాలు, నేను అని వేరే చెప్పక్కర్లేదు. మాట్లాడతావు అంటే నువ్వు, మాట్లాడతాం అంటే మేము. మనిషి ఎవరో క్రియ చివరే ఉంటాడు. స్పానిష్ కూడా సరిగ్గా ఇదే పని చేస్తుంది.

స్పానిష్ క్రియలన్నీ మూడు గుంపులు. మూల రూపం చివర ఆర్, ఎర్, ఈర్ అని ఉంటుంది. ఆ చివరి ముక్క తీసేసి, మనిషిని బట్టి కొత్త ముక్క తగిలించాలి. ఆబ్లార్ అంటే మాట్లాడటం, కొమెర్ అంటే తినడం, బిబీర్ అంటే బతకడం లేదా ఒకచోట ఉండటం.

ఆబ్లార్: నేను ఆబ్లో, నువ్వు ఆబ్లాస్, అతను లేదా ఆమె ఆబ్లా, మేము ఆబ్లామోస్, మీరంతా ఆబ్లాయిస్, వాళ్లు ఆబ్లాన్.

కొమెర్: కోమో, కోమెస్, కోమె, కొమేమోస్, కొమేయిస్, కోమెన్.

బిబీర్: బీబో, బీబెస్, బీబె, బిబీమోస్, బిబీస్, బీబెన్.

ఇప్పుడు లెక్క చూడండి. మూడు గుంపులు, ఒక్కోదానికి ఆరు రూపాలు, మొత్తం 18 గుర్తుపెట్టుకోవాలి అనిపిస్తుంది. నిజానికి అంత లేదు. నేను అన్నప్పుడు మూడింటికీ ఓ ఒక్కటే. మిగతావాటిలో ఎర్ గుంపు, ఈర్ గుంపు రెండే చోట్ల విడిపోతాయి. మేము దగ్గర ఏమోస్, ఈమోస్ అని, మీరంతా దగ్గర ఏయిస్, ఈస్ అని. అన్నీ కలిపితే వేర్వేరు ప్రత్యయాలు 13. మెక్సికో, పెరూ లాంటి దేశాల్లో మీరంతా అనే ఆ ప్రత్యేక రూపం వాడరు కాబట్టి అక్కడికి 10 చాలు. ఇంజినీరింగ్ వాళ్ల భాషలో చెప్పాలంటే ఇదొక ఫంక్షన్. క్రియ, మనిషి అని రెండు ఇన్‌పుట్స్ ఇస్తే రూపం బయటికి వస్తుంది. 13 ముక్కలు వచ్చిన రోజున కొన్ని వేల క్రమ క్రియలు మీ చేతికి వచ్చినట్టే.

తెలుగువాడికి ఇంకో లాభం మర్యాద దగ్గర ఉంది. స్పానిష్‌లో నువ్వు వేరు, మీరు వేరు. స్నేహితుడికి తూ, పెద్దవాళ్లకు ఉస్తెద్. ఈ ఉస్తెద్ అన్న మాట పాతకాలంలో తమరి దయ లాంటి అర్థమున్న పెద్ద సంబోధన అరిగిపోగా మిగిలింది. మన తమరు గుర్తొస్తే తప్పులేదు. ఉస్తెద్ అన్నప్పుడు క్రియ అతను, ఆమెలకు వాడేదే వస్తుంది. బహువచనంలో ఉస్తెదెస్ అంటే వాళ్లు అన్నప్పటి రూపమే. ఇంగ్లిష్ ద్వారా నేర్చుకునేవాళ్లు ఇక్కడ తికమక పడతారు. మనకు అక్కర్లేదు. మీరు మాట్లాడతారు, వాళ్లు మాట్లాడతారు. రెండింటికీ చివర రు ఒక్కటే కదా!

తేడాలూ ఉన్నాయి. మన దగ్గర మాట్లాడతాడు, మాట్లాడుతుంది అని వేరు. స్పానిష్‌లో అతనికీ ఆమెకీ ఆబ్లా ఒక్కటే. మనకు మేము, మనం అని రెండున్నాయి, వాళ్లకు ఒక్కటే. అన్నీ క్రమ క్రియలూ కావు. ఉండటం, వెళ్లడం, కలిగి ఉండటం లాంటి రోజూ వాడేవే దారి తప్పుతాయి. అది మనకు కొత్తా? రా అని పిలుస్తాం, వస్తాను అని బదులిస్తాం. రెండూ ఒకే క్రియ అని పిల్లలకు ఎవరూ చెప్పరు, వాడి వాడి వచ్చేస్తుంది. ముందు క్రమం పట్టుబడితే తర్వాత తప్పినవి ఎక్కడ తప్పాయో తెలుస్తుంది.

ఉర్దూ, హిందీ, మరాఠీ, సంస్కృతం అప్పటికే వచ్చిన పీవీకి ఈ పట్టికలు కొత్త వింతలా కనిపించి ఉండవు. సంస్కృతంలో ధాతువు, ప్రత్యయం విడదీయడం చదివినవాడికి ఆబ్ల్ వేరు, ఓ వేరు అని చూపించాల్సిన పని లేదు. ఒక్కో భాష తర్వాతి భాష ఖరీదు తగ్గిస్తుంది. ఒక ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్ బాగా వచ్చినవాళ్లకు రెండోది ఎందుకు తొందరగా వస్తుందో, ఇదీ అంతే.

ఇంట గెలవని రోజు

1984 చివర్లో లోక్‌సభ ఎన్నికలు వచ్చాయి. దేశమంతా కాంగ్రెస్ గాలి, ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం తెలుగుదేశం ఊపు. పీవీ రెండు చోట్ల నిలబడ్డారు. సొంత గడ్డ హనుమకొండలో ఓడిపోయారు. మహారాష్ట్రలో నాగ్‌పూర్ దగ్గరి రామ్‌టెక్‌లో గెలిచారు. 1989లోనూ అక్కడి నుంచే గెలిచారు.

భాష ఆయన్ను గెలిపించిందని చెప్పడం అతి అవుతుంది. గెలిపించింది పార్టీ, ఆనాటి సానుభూతి. కానీ ఓటర్ల దగ్గరికి వెళ్లి వాళ్ల మాటలో మాట్లాడగలిగిన తెలుగు నాయకుడు అప్పుడు ఎంతమంది ఉన్నారు? కాలేజీ తలుపులు మూసుకుపోయిన కుర్రాడు వేరే దారి లేక నేర్చుకున్న మరాఠీ, 63 ఏళ్ల వయసులో సొంతూరు కాదన్నప్పుడు నిలబడే చోటు దగ్గర తోడుగా ఉంది. మధ్యలో నలభై ఏళ్లకు పైగా గడిచాయి. నేర్చుకునేటప్పుడు ఈ ఉపయోగం ఎవరి ప్లాన్‌లోనూ లేదు.

అరవై దాటాక కోబాల్

1985లో రాజీవ్ గాంధీ ప్రభుత్వంలో పీవీ మానవ వనరుల శాఖ చేపట్టారు. 1986 జాతీయ విద్యా విధానం, నవోదయ విద్యాలయాలు ఆ కాలంలోనివే. నవోదయలో తొమ్మిదో తరగతి పిల్లలు కొందరిని హిందీ రాష్ట్రాల నుంచి మిగతా రాష్ట్రాలకు, ఇటువాళ్లను అటు ఏడాది పాటు పంపే పద్ధతి ఉంది. వేరే భాష మధ్య బతికితేనే భాష వస్తుందన్న ఆలోచన అందులో కనిపిస్తుంది.

అదే కాలంలో ఢిల్లీలో కంప్యూటర్ల మాట గట్టిగా వినిపించేది. కుర్ర ప్రధాని, ఆయన చుట్టూ టెక్నాలజీ తెలిసిన యువ బృందం. పాత తరం నాయకులకు ఇవి అంతుపట్టవన్నది అక్కడ చాలామంది లెక్క. పీవీ హైదరాబాద్‌లోని కొడుకు ద్వారా ఒక కంప్యూటర్ తెప్పించుకున్నారు. మాన్యువల్స్ ముందేసుకుని కూర్చున్నారు. టైపింగ్‌తో మొదలుపెట్టి బేసిక్, కోబాల్, యూనిక్స్ దాకా వెళ్లారు. కోబాల్ ప్రోగ్రామ్ నాలుగు డివిజన్లుగా ఉంటుంది, ఏది ఎక్కడ రాయాలో నియమాలు ఖచ్చితంగా ఉంటాయి. వ్యాకరణం ఇష్టంగా చదివిన మనిషికి అది ఇంకో వ్యాకరణం.

గమనించాల్సింది ఒకటుంది. ఆ వయసులో ఆయనకు సర్టిఫికెట్ అవసరం లేదు. రెజ్యూమెలో చేర్చుకునే పనీ లేదు. రాదు అన్న మాట దగ్గర ఆగడం ఆయనకు చేతకాలేదు.

సర్దిన పుస్తకాల పెట్టెలు

1991 ఎన్నికల్లో పీవీ పోటీ చేయలేదు. ఆరోగ్యం అంతంతమాత్రం. ఢిల్లీ ఇంట్లో పుస్తకాలు పెట్టెల్లోకి సర్దుకుని హైదరాబాద్ వచ్చేయడానికి సిద్ధమయ్యారు. మే 21న రాజీవ్ గాంధీ హత్య జరిగింది. సరిగ్గా నెలకు, జూన్ 21న, పీవీ ప్రధానిగా ప్రమాణం చేశారు. దేశం దగ్గర విదేశీ మారకం అడుగంటింది. జూలై మొదటి వారంలో రూపాయి విలువ రెండుసార్లు తగ్గించారు. జూలై 24న కొత్త పారిశ్రామిక విధానం, మన్మోహన్ సింగ్ బడ్జెట్ ఒకే రోజు వచ్చాయి. లైసెన్సుల కాలం ముగింపుకొచ్చింది. ఇవాళ గచ్చిబౌలిలో, హైటెక్ సిటీలో మనం అప్లై చేసుకునే బహుళజాతి కంపెనీలు దేశంలోకి రావడానికి తలుపు ఆ వేసవిలో తెరుచుకుంది.

ఆ ఐదేళ్లూ పూలబాట కాదు. 1992 డిసెంబర్ 6న బాబ్రీ మసీదు కూల్చివేతను ఆపలేకపోయిన ప్రధానిగా ఆయన మీద విమర్శ ఉంది, అది ఇప్పటికీ పోలేదు. 1996లో అధికారం పోయాక కేసులు చుట్టుముట్టాయి. జేఎంఎం ఎంపీల కేసులో 2000లో కింది కోర్టు దోషి అంది, 2002లో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. ఈ మధ్యలోనే 1998లో ది ఇన్‌సైడర్ అన్న ఇంగ్లిష్ నవల అచ్చయింది. 2004 డిసెంబర్ 23న ఢిల్లీలో కన్నుమూశారు. అంత్యక్రియలు హైదరాబాద్‌లో హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగాయి. 2024లో భారతరత్న ఇచ్చారు. పదవులు వచ్చాయి, పోయాయి, మళ్లీ వచ్చాయి. పరువు కూడా అలాగే. ఎవరూ తీసుకోలేకపోయింది నేర్చుకున్నది ఒక్కటే.

ఇక మన సంగతి

మొదటి ప్రశ్నకు వద్దాం. స్పానిష్ నేర్చుకుంటే ఉద్యోగం వస్తుందా? పీవీ జీవితం చూస్తే నిజాయితీగా చెప్పాల్సిన జవాబు ఇది. స్పానిష్ వచ్చినందుకు ఆయనకు ఏ పదవీ రాలేదు. ఉన్న పనిని ఇంకా బాగా చేయడానికి ఒక పనిముట్టు అయింది. మన విషయంలోనూ అంతే. 13 ప్రత్యయాలు వచ్చి, పేరు, ఊరు చెప్పుకోగలిగితే యూరప్ కొలమానంలో అది ఏ1 వైపు తొలి అడుగు. దాంతో ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. కస్టమర్ సపోర్ట్, అనువాదం, యాప్‌లను స్థానిక భాషల్లోకి మార్చే పనుల్లో సాధారణంగా బీ2, ఆ పైన అడుగుతారు. అక్కడికి చేరడానికి నెలలు కాదు, ఏళ్లు పడుతుంది. కానీ కోడింగో, అకౌంట్సో, ఫార్మానో చేతిలో ఉండి దానికి స్పానిష్ తోడైతే లెక్క మారుతుంది. అమెరికాలో ఎంఎస్‌కు టెక్సాస్ వైపు వెళ్లేవాళ్లకు ఈ భాష క్లాసు బయట ప్రతి వీధిలో వినిపిస్తుంది.

ఎక్కడ నేర్చుకోవాలి? హైదరాబాద్ వాళ్లకు తార్నాక దగ్గరి ఇఫ్లూ ఉంది. 1958లో సంస్థగా మొదలై, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయం అయింది. అక్కడ డిగ్రీ స్థాయి నుంచే స్పానిష్ చెబుతారు, నోటిఫికేషన్లు వెబ్‌సైట్‌లో చూసుకోండి. ఢిల్లీలో స్పెయిన్ ప్రభుత్వ సంస్థ ఇన్‌స్టిట్యూటో సెర్వాంటెస్ ఉంది. డీఈఎల్ఈ అనే అంతర్జాతీయ పరీక్ష ఆ సంస్థదే.

మా యాప్రాల్ వైపు రూములు తీసుకుని ఉండేవాళ్లకు ఐటీ కారిడార్ చాలా దూరం. బస్సైనా, బైకు మీద నేరేడ్‌మెట్ దాకా వెళ్లి మారినా, ఒక వైపే గంటకు పైన పోతుంది. ఆ గంటలో రీల్స్ చూడొచ్చు. లేదా రోజుకు ఒక్క క్రియ తీసుకోవచ్చు. త్రబహార్ అంటే పని చేయడం. త్రబాహో, త్రబాహాస్, త్రబాహా. ఆప్రెందెర్ అంటే నేర్చుకోవడం. ఆప్రెందో, ఆప్రెందెస్, ఆప్రెందె. ఎస్క్రిబీర్ అంటే రాయడం. ఎస్క్రీబో, ఎస్క్రీబెస్, ఎస్క్రీబె. మూడు రోజుల్లో మూడు గుంపులు. వారం తిరిగేసరికి పట్టిక చూడకుండా మీరే చెప్పగలుగుతారు. నెల తర్వాత కూడా ఇష్టంగా అనిపిస్తే అప్పుడు ఫీజు కట్టండి. అనిపించకపోతే రూపాయి పోలేదు.

నలభై ఏళ్ల తర్వాత ఏ ఊళ్లో ఏది పనికొస్తుందో మరాఠీ నేర్చుకుంటున్న ఆ పుణే కుర్రాడికి తెలీదు. మనకూ తెలీదు. ఆయన మాత్రం తెలిసేదాకా ఆగలేదు.